ఫ్యాన్ లేని పెట్టె

"ఫ్యాన్ లేని కంప్యూటరా? ఇల్లు తగలబెడతావా ఏంటి?" అన్నారు మావారు, భోజనాల బల్ల మీద నేను పరిచిన సామాన్లు చూసి. "ముందు ఆ బల్ల ఖాళీ చెయ్యమ్మా, కంచాలు పెట్టుకోవాలి" అన్నారు అత్తయ్య.

నేను మైకు ముందు కూర్చుని పుస్తకాలు చదువుతాను. వినే పుస్తకాలకు గొంతు నాది. బీరువా ఉన్న చిన్నగదిలో చుట్టూ దుప్పట్లు వేలాడదీసుకుని, చెమటలు కారుతూ చదువుతాను. మా ఇంట్లో దాన్ని పని అనరు. "దానికేం, కూర్చుని చదవడమేగా" అంటారు. పోయిన వారం నేను పంపిన నమూనా తిరిగొచ్చింది. "మీ గొంతు బంగారం మేడమ్. కానీ వెనక రొద, కంప్యూటర్ ఫ్యానే అనుకుంటా. శనివారం సాయంత్రంలోగా శుభ్రంగా పంపితే నవల మీదే. లేదంటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు" అన్నాడు ఆ పుస్తకాల కంపెనీ సౌండ్ ఇంజినీరు. ఐదొందల పేజీల నవల. అది నాకు కావాలి. ఇంత గట్టిగా దేన్నయినా కోరుకుని ఎన్నేళ్ళయిందో!

అందుకే ఈ పెట్టె. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టాలు లాక్కుని పెట్టె గోడలకిస్తాయి, గోడలకున్న అల్యూమినియం రెక్కలు దాన్ని గాలిలోకి వదిలేస్తాయి. తిరిగేదేదీ ఉండదు కనుక చప్పుడూ ఉండదు. కూర పోపు వేస్తూ, బట్టలు మడతపెడుతూ ఇదంతా చదివి అర్థం చేసుకున్నాను. తీరా సగం బిగించేసరికి మావారికి చేతులు దురద పెట్టాయి. "ఇలా తే, నీకేం తెలుసు" అంటూ స్క్రూడ్రైవర్ లాక్కుని, ప్రాసెసర్ మీద వేడిని అందించే మెత్తటి పట్టీ తనే పెట్టి, పైన రాగి దిమ్మె బిగించేశారు. నేనూ ఇచ్చేశాను. ఇచ్చేయడం అలవాటైన చెయ్యి.

ఆన్ చేసిన పది నిమిషాలకు ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆరిపోయింది. "నే చెప్పలా?" అన్నారాయన, మొహం వెలిగిపోతూ. "వాడు చెబుతూనే ఉన్నాడు, వింటేగా!" అన్నారు అత్తయ్య.

నాకు ఒళ్ళు మండింది. పెట్టె గోడ ముట్టుకుంటే మాత్రం చల్లగా ఉంది. లోపల ఉడికిపోతుంటే గోడకు వేడి చేరడం లేదంటే దారిలో ఏదో అడ్డం పడింది. నాలుగు స్క్రూలూ విప్పాను. పట్టీకి పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది, 'తీసి అంటించండి' అన్న అక్షరాలతో సహా. ఆ పొర ఊడదీసి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

"ఇంత చిన్న అక్షరాలు ఎవడు చదువుతాడు?"

"చదవడమే నా పనండీ" అన్నాను.

మళ్ళీ బిగించాక పెట్టె ఆరిపోలేదు. మర్నాడు అరగంట చదివి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. రొద మాయం. ఆ నిశ్శబ్దంలో గంట కొట్టినట్టు ఒక మాట వినిపించింది. "వస్తున్నా." నా గొంతే, చదువుతూ మధ్యలో ఇంట్లోవాళ్ళ పిలుపులకు పలికింది. టవలు కోసం, రిమోటు కోసం, అత్తయ్య నెత్తి మీదే ఉన్న కళ్ళజోడు కోసం. ఇన్నేళ్ళుగా దొరికిన చోటల్లా కోసి పారేశానే గానీ ఎన్నున్నాయో చూసుకోలేదు. ఆ అరగంటలోని ముక్కలన్నీ వరసగా పేర్చి విన్నాను. పదకొండు. ప్రతిదాంట్లోనూ తప్పు చేసి దొరికిపోయినదానిలా అదే కంగారు. ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది.

శనివారం పొద్దున్నే గది తలుపు వేసుకుంటూ చెప్పాను. "రెండు గంటలు నేను ఇంట్లో లేననుకోండి."

"పిలిస్తే పలకవా?"

"పలకను."

మూడో పేజీలో ఉండగా దుప్పట్లు దాటి ఆయన పిలుపు వచ్చింది. "ఏమోయ్, నా ఛార్జర్ ఏదీ?" నోరు దానంతటది తెరుచుకుంది. ఆ తెరుచుకున్న నోటితోనే నవల్లోని తర్వాతి వాక్యం చదివాను. ఇంకోసారి పిలిచారు. తర్వాత సొరుగు లాగిన చప్పుడు, మూసిన చప్పుడు. దొరికినట్టుంది.

ఆయన పిలుపులూ సొరుగు చప్పుడూ కోసేసి, ఆ వాక్యాలు మళ్ళీ చదివి, మధ్యాహ్నానికల్లా పంపేశాను. గంటలో ఇంజినీరు ఫోన్ చేశాడు.

"నవల మీదే మేడమ్! ఇంత నిశ్శబ్దం ఎలా వచ్చింది? ఇంట్లోవాళ్ళందర్నీ ఊరికి పంపించేశారా?"

"లేదండీ, అందరూ ఇంట్లోనే ఉన్నారు" అన్నాను. "నేనే పలకలేదు."