డ్రమ్ములేని సోమవారం

కత్తి మొనను చిప్పల అతుకులో దూర్చి మణికట్టు తిప్పాడు ఆల్సీడ్. ఆల్చిప్ప నోరు తెరిచింది. నీళ్ళు ఒలకకుండా దాన్ని ఐసు మీద పెట్టి ఇంకొకటి అందుకున్నాడు. బల్లకు అటువైపు హోటల్లో జనం గంబో పులుసు జుర్రుకుంటూ, బీరు తాగుతూ కేకలేస్తున్నారు. ఆయన తలెత్తి ఒక్కరి ముఖమూ చూడలేదు. ఎప్పుడూ పాటలతో హోరెత్తే న్యూ ఆర్లియన్స్‌లోనే పుట్టి ముసలివాడైనా, నవ్వే జనమంటే ఆయనకు గిట్టదు.

ఎడమచేతి వేళ్ళు రెండు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి. వయసులో ఉండగా ఈ హోటలు స్టేజీ మీదే డ్రమ్ము వాయించేవాడు. పగటిపూట కూటికోసం ఆల్చిప్పలు ఒలిచేవాడు. ఒకనాడు కత్తి జారి నరం తెగింది. కట్టు విప్పకముందే, బృందానికి పెద్ద అయిన క్లారినెట్ ఊదే ఫాంటెనో ఇంకొకణ్ణి తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టాడు. చెయ్యి కాస్త కుదురుకున్నాక వెళ్ళి అడిగితే ముఖం తిప్పుకున్నాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం డ్రమ్ము వాయించేవాడు రాలేదు. యజమానురాలు ఒడెట్ వచ్చి, ఈ పూటకు నువ్వు కూర్చోమంది. ఆల్సీడ్ నిమ్మచెక్కతో చేతులు రుద్ది కడుక్కుని, ఏప్రాన్ విప్పి స్టేజీ వైపు నడిచాడు.

ఫాంటెనో మైకులోనే అన్నాడు: "ఎక్కడికి పెద్దాయనా? డ్రమ్ము ఒలుస్తావా ఏంటి? ఆ నీచుకంపు మాకొద్దు. పోయి నీ చిప్పలు చూసుకో."

జనం విరగబడి నవ్వారు.

"నేను తాళం పట్టినన్నాళ్ళే నీ పాట నడిచింది," అన్నాడు ఆల్సీడ్. "ఇప్పుడు కుంటుతోంది. నీకూ తెలుసు."

ఫాంటెనో ముఖం మాడిపోయింది. డ్రమ్ము లేకుండానే వాయిస్తామన్నాడు. ఒడెట్ చూపు తప్పించింది.

ఆల్సీడ్ వంటింట్లోంచి వెనకసందులోకి పోతుంటే, ఎర్రచిక్కుళ్ళ కూరా అన్నమూ తినిపొమ్మంది వంటమనిషి ఫిలొమెన్. ఆ పాట వింటూ తింటే గొంతు దిగదన్నాడు. మెట్టు మీద చతికిలబడి ఒక బూటు విప్పుకున్నాడు. ఎడమచెయ్యి భుజందాకా లాగుతోంది. గోడకు అవతల క్లారినెట్ ఒంటరిగా పైకి పోతోంది. తాళం తప్పిన చోటల్లా ఆయన వంకరవేళ్ళు మోకాలి మీద పడుతున్నాయి. కాసేపటికి అవి ఆగిపోయాయి.

ఆల్చిప్పలేవని జనం గోల చేస్తే ఫిలొమెన్ ఆల్సీడ్‌ను పిలవడానికి సందులోకి వెళ్ళింది. తిరిగొచ్చి ఒడెట్ చెవిలో ఏదో చెప్పింది. ఒడెట్ స్టేజీ దగ్గరికి వెళ్ళింది.

"ఆల్సీడ్ పోయాడు."

"పోనీ. అలిగితే అన్నం మిగులుతుంది," అన్నాడు ఫాంటెనో.

"చచ్చిపోయాడయ్యా. అంబులెన్సు వస్తోంది. జనానికి ఆ కూత వినబడకుండా గట్టిగా వాయించు."

ఫాంటెనో క్లారినెట్ పెదవుల దాకా తెచ్చి ఆగాడు. తర్వాత ఊదాడు, చాలా గట్టిగా. జనం చప్పట్లతో లేచి నిలబడ్డారు.

శవాన్ని సందులోంచే పట్టుకెళ్ళారు. ఆయన విప్పుకున్న బూటు ఒకటి మెట్టు మీదే ఉండిపోయింది, అడుగున చిన్న చిప్పముక్క గుచ్చుకుని.