క్లైవ్ వాళ్లమ్మ

సాల్ట్‌వైక్ కౌన్సిల్ ఆరోగ్య విభాగంలో సన్‌బెడ్లు మాన్పించే పని క్లైవ్‌ది. ఊళ్లో ఆడపిల్లలు కూరగాయలకు వెళ్లినంత తేలిగ్గా టానింగ్ షాపుకు వెళ్లి, సన్‌బెడ్లనే ఆ దీపాల పెట్టెల్లో పడుకుని, తెల్లటి ఒళ్లు రాగిరంగు తేలాక ఇంటికొస్తున్నారు. వాళ్లకు ఫోన్లలో వీడియోలు పెట్టి బుద్ధి చెప్పాలని పైవాళ్ల ఆజ్ఞ.

మొదటి వీడియోలో క్లైవ్ చర్మకణం బొమ్మ గీసి, కేన్సర్ ఎలా మొదలవుతుందో పాఠం చెప్పాడు. దాన్ని సగంసార్లు చూసింది ఆఫీసువాళ్లు. మిగతా సగం అతనే.

"పాఠాలొద్దు క్లైవ్ గారూ. మనిషి కావాలి, నిజమైన మొహం కావాలి," అంది అతని పై అధికారి ఇమొజెన్. ఆమెది అతని కూతురి వయసు.

నిజమైన మొహం ఇంట్లోనే ఉంది. భార్య జానిస్ పెళ్లికి ముందునుంచీ సన్‌బెడ్‌కు వెళ్తోంది. "నీ శత్రువుల దగ్గరికి పోయొస్తా," అని మొగుడికి చెప్పి మరీ వెళ్లేది. వీడియోలో కనిపించమనగానే సంబరపడిపోయింది. జుట్టు చేయించుకుంది. కెమెరాలో కళగా ఉండాలని ముందురోజు టానింగ్ షాపుకూ వెళ్లొచ్చింది.

"సన్‌బెడ్ల జోలికి పోకండమ్మా," అని క్లైవ్ పక్కన నిలబడి చక్కగా నవ్వింది. వీడియో ఊరంతా పాకింది. సాయంత్రం టీ తాగుతూ జానిస్ కింద రాసినవి చదవసాగింది.

"క్లైవ్ వాళ్లమ్మ ఎంత బాగా మాట్లాడిందో!"

"ఈ వయసులో ఆ ఓపిక చూడండి."

"అచ్చం మా నాయనమ్మే. పాపం, పోయింది."

జానిస్ ఫోన్ కింద పెట్టింది. "నాకెన్నేళ్లు?"

"నలభై తొమ్మిది."

"నీకు?"

"యాభై ఆరు."

"మరి నేను నీకు అమ్మనెట్లా అయ్యాను?"

అక్కడ నోరు మూసుకోవాల్సింది. కానీ క్లైవ్ ఉద్యోగమే వివరించడం. "ఆ కిరణాలు చర్మం బిగువు పోగొట్టి, ముందే ముడతలు..." అని మొదలుపెట్టాడు. ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. ఇన్నేళ్లుగా కేన్సర్ అని మొత్తుకున్నా చెవినపెట్టని మనిషి, మర్నాటినుంచి షాపు వైపే పోలేదు.

వీడియో తీసేయమని క్లైవ్ ఆఫీసులో బతిమాలాడు.

"తీసేయడమా? మనకు ఆడిందే అదొక్కటి!" అంది ఇమొజెన్. "అమ్మగారికి నా థాంక్స్ చెప్పండి."

"ఆవిడ నా భార్యండీ."

ఇమొజెన్ వీడియో ఇంకోసారి పెట్టి చూసింది. "అమ్మగానే బావుంది. అలాగే ఉంచేద్దాం."

ఆ మాట విన్న జానిస్ వంటింట్లో తనే ఫోన్ నిలబెట్టుకుంది. మొహం కడుక్కుని, ఏ పూతా లేకుండా, "నేను క్లైవ్ అమ్మను కాను, పెళ్లాన్ని. ఈ ముడతలన్నీ డబ్బిచ్చి కొనుక్కున్నవే. దగ్గరికొచ్చి చూసుకోండి," అంది. టానింగ్ షాపులో బుక్ చేసుకున్నవి రద్దు చేసుకున్నామని ఊళ్లో అమ్మాయిలు వరసగా రాయడం మొదలుపెట్టారు.

కౌన్సిల్ ఊరుకోలేదు. అనుమతి లేకుండా ఆరోగ్య ప్రచారం చేస్తున్నందుకు ఆమెకు హెచ్చరిక రాయమంది. రాయాల్సింది క్లైవే. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తుంటే జానిస్ భుజం మీదుగా చూసింది.

"'విచారం' ఏంటి, చప్పగా? 'తీవ్ర ఆందోళన' అని రాయి. తర్వాతి వీడియోలో చదివి వినిపిస్తా."

అతను దిద్దాడు. తర్వాత లేచి ఆమె ఫోన్‌ను కిటికీ పక్కకు జరిపాడు.

"అక్కడెందుకు?"

"వెలుతురు పక్కనుంచి పడితే ముడతలు బాగా కనిపిస్తాయి."

అనేశాక క్లైవ్ నాలుక కరుచుకున్నాడు. జానిస్ అతన్ని ఎగాదిగా చూసి, పకపకా నవ్వింది.

"అయితే అక్కడే పెట్టు."