తిరుమలయ్య శెట్టి కొత్త పళ్ళు

బద్వేలు బజారులో వేరుశనక్కాయలు కొనే అంగళ్ళు చాలానే ఉన్నాయి. తేమ చూసే మిషన్లూ వచ్చాయి. అయినా రైతులకు నమ్మకం తిరుమలయ్య శెట్టి నోటి మీదే. మూటలోంచి ఒక కాయ తీసి, ఒలిచి, గింజను ముందుపళ్ళతో కొరికేవాడు. 'టక్'మంటే ఎండినట్టు, మెత్తగా దిగితే పచ్చి. ఆ మాటకు తిరుగు లేదు. పక్కనే నూనె అంగడి నాది. తీర్పు చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే, డబ్బు కోసం కాదు, ఆ మర్యాద కోసమే వ్యాపారం చేస్తున్నాడేమో అనిపించేది.

అలాంటి మనిషికి పై వరసలో ముందుపళ్ళు ఊడిపోయాయి. కొన్నాళ్ళు పక్క పళ్ళతో కొరికి చూశాడు గానీ, మూతి వంకర పెట్టి చెప్పే తీర్పుకు మర్యాదెక్కడిది? చివరికి కడప పోయి, తీసి పెట్టుకునే పళ్ళసెట్టు చేయించుకున్నాడు. మిగిలిన పళ్ళకు తీగ కొక్కేలతో తగిలించుకునే రకం. "ముందుపళ్ళతో గట్టివి కొరకొద్దు, రాత్రిళ్ళు తీసి నీళ్ళలో వేయండి" అని డాక్టరమ్మ హిమబిందు చెప్పింది. శెట్టి రెండో మాట మాత్రం శ్రద్ధగా పాటించాడు.

తమాషా ఏమిటంటే, ఆ పళ్ళ కింద ఏ గింజ పడినా 'టక్'మనేది. పచ్చి గింజ నలిగిపోయి, ప్లాస్టిక్ పళ్ళు కింది పళ్ళకు తగిలి మోగేవి. "ఎండినాయి, దించు!" అనేవాడు. రైతులు మంచివాళ్ళే గానీ పిచ్చివాళ్ళు కారు. చేలో పీకిన కాయ పీకినట్టే శెట్టి అంగడికి రావడం మొదలైంది. గోదాములో బూజు వాసన నా అంగడి దాకా కొట్టింది. నువ్వు చెప్పొచ్చు కదా అంటారా? ఆయనకు కోపం ముక్కు మీదుంటుంది. మీరే వచ్చి చెప్పండి.

ఒకరోజు ఓబులేసు అనే రైతు మూట దించాడు. శెట్టి అలవాటుగా గింజ కొరికాడు. టక్!

"బాగా ఎండినాయి. కాటా పెట్టు."

"యాడ ఎండినాయి శెట్టీ? నిన్న వానకు తడిసినాయి. నీ అంగడి ముందర ఆరబోసుకుంటానని అడగను వచ్చినా."

అంగడంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది శెట్టి బావమరిది మురళి. ఊళ్ళలో కాయలు కొని బావకే అమ్ముతుంటాడు. నేనూ నవ్వాను. శెట్టి ఇంకో గింజ కొరికాడు. మళ్ళీ టక్. మొహం నల్లబడిపోయింది. లేచి వెనక ఇంట్లోకి పోయాడు. నవ్వినందుకు మనసు చివుక్కుమని నేనూ వెంట పోయాను.

వంటింట్లో ఉన్న భార్య సుబ్బరత్నమ్మ ముందు శెట్టి పళ్ళసెట్టు తీసి పెట్టాడు.

"రేపట్నుంచి అంగడి తీయను. నా నోటికి విలువ పోయె."

"ఆ పండ్లకు పచ్చీ ఎండూ తెలీదని నాకు ఎప్పుడో తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"పండ్లు ఊడినప్పట్నుంచి మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకొని తిరిగితివి. ఇవొచ్చినాక నవ్వుతాండావు. చెప్తే మళ్ళా మూసుకుంటావని భయపడినా."

శెట్టి కళ్ళు తడిశాయి. దాచుకోనూ లేదు.

"పెట్టుకో," అందామె. "నవ్వేదానికి, తినేదానికి అవి ఉండాయి. కొరికేదానికి నేనుండా."

అంగట్లో ఆడమనిషి కూర్చోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. శెట్టి కాసేపు తల గోక్కున్నాడు. తరువాత పళ్ళు తగిలించుకుని, ఆమెను వెంటబెట్టుకుని బయటికొచ్చాడు.

"ఓబులేసూ, ఈడే ఆరబోసుకోప్పా. తక్కినోళ్ళంతా మూటలు ఇప్పండి. ఇంగ మా ఇంటామె కొరుకుతాది. ఆమె మాటే నా మాట."

ఒకాయనకు ఉన్నట్టుండి బస్సు గుర్తొచ్చింది, ఇంకొకాయనకు పాలు పితకాల్సిన ఎనుములు. తప్పించుకోలేకపోయింది మురళి ఒక్కడే. సుబ్బరత్నమ్మ తమ్ముడి మూటలోంచి గింజ తీసి కొరికింది.

"పచ్చివి."

"అక్కా, నావి!"

"నీవేలే. ఎండబెట్టుకోని రా. అన్నం తిని పో."

మూటను శెట్టే ఎత్తి మురళి భుజానికి అందించాడు, నవ్వుతూనే.