బురుల్ పేరు చలవ

పిండి ఒత్తి, ముక్కలు కోసి, నూనెలో వేసి తీయడం పొద్దున్నించీ జిపార్ పనే. మరిది ఇంట్లో మూడో ఆడపిల్ల పుట్టింది, ఇవాళ పేరు పెట్టే విందు. మగపిల్లాడైతే గుర్రాన్ని కోసేవాళ్లు. ఆడపిల్ల కాబట్టి గొర్రెతో సరిపెట్టారు. ఈ వేయించిన పిండిముక్కలు, బోర్సోక్‌లు, మాత్రం ఎవరు పుట్టినా గంపెడు కావాలి, వేయించేది ఎలాగూ కోడలే. "మా జిపార్ చేతి చలవే వేరమ్మా" అంది అత్తగారు మైరమ్, వచ్చిన ఆడవాళ్లందరికీ వినపడేలా. "దాని నోటి చలవ అంతకన్నా. ఇవాళ ముల్లా తాతకి పేరు చెప్పేది అదే." జిపార్ కళాయిలోంచి తలెత్తలేదు. కొడుకు అజమత్ పుట్టినప్పటి నుంచీ ఈ పొగడ్తే.

ఏం పేరని ఎవరూ అడగరు. బురుల్. అంటే మళ్లు అని, తిరుగు అని. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే చివరిదానికి ఆ పేరు పెడతారు. ఇక అక్కణ్ణించి దారి మగపిల్లల వైపు మళ్లుతుందని నమ్మకం. నిజానికి ఆ పేరు ముసలమ్మల కాలంతోనే పోయింది, బళ్లో ఒక్క పిల్లకి కూడా ఉండేది కాదు. ఈ లోయలో దాన్ని మళ్లీ లేపింది జిపార్ మూడో కూతురు. అప్పటికి దానికి మెడ కూడా నిలవలేదు, కళ్లు తెరిచి సరిగ్గా చూడను కూడా లేదు, అప్పుడే పని అప్పజెప్పేశారు. కూలీ నాలీ లేని పని. వెళ్లి తమ్ముణ్ణి తీసుకురా అని! మగపిల్లాణ్ణి తేవడానికి కూడా ఆడపిల్లే చాకిరీ చెయ్యాలి, చూశారా. మరి ఆ రోజు తల్లి ఏమన్నా అందా? అనలేదు. టీ పోసి అందరికీ అందించింది. ఆ తర్వాత "బురుల్!" అని పిలిచిన ప్రతిసారీ, ఈ పిల్లని దాటి వెనకాల ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది జిపార్‌కి. పిలుపు విని పాక్కుంటూ వచ్చేది మాత్రం ఈ పిల్లే.

మూడో ఏట అజమత్ పుట్టాడు. ఇక చూడాలి ఊరి సంబరం! ఆడపిల్లల్ని కన్న ప్రతి ఇల్లాలూ వచ్చేది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని గౌను అంచు ఒక పీలిక కత్తిరించి దిండు కింద పెట్టుకోడానికి పట్టుకుపోయేది. బురుల్ గౌన్లన్నీ కురచే, ఏ గౌనుకీ అంచు లేదు. ఆ పైన పుట్టే ఆడపిల్లకి అదే పేరు. ఇప్పుడు బళ్లో టీచరమ్మ "బురుల్" అంటే వరసకి ఇద్దరు లేస్తారు. ఎర్ర బురుల్, వాగు బురుల్, మిల్లు వాళ్ల బురుల్ అని గుర్తులు చెప్పుకోవాలి. కొందరికి తమ్ముళ్లు పుట్టారు. కొందరికి మళ్లీ చెల్లెళ్లే పుట్టారు. అలాంటప్పుడు తప్పు పేరుది కాదు, ఆ పిల్లది. "మొద్దు మొహమా, తిరగడం చేతకాలేదే నీకు" అని వాగు బురుల్‌ని దాని తల్లి నెత్తిన మొట్టడం జిపార్ కళ్లారా చూసింది. చూసి, తల తిప్పుకుని వచ్చేసింది. ఆ రోజు అన్నం సయించలేదు. కానీ మర్నాడు ఇంకో కోడలు కత్తెర పట్టుకుని వస్తే మళ్లీ కూతుర్ని పిలిచి నిలబెట్టింది.

నిలబెట్టదా మరి? అంతకుముందు విందుల్లో ఆమె చోటు గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర. అజమత్ తర్వాత పెద్దావిడల సరసన కూర్చోబెట్టారు. "ఆడపిల్లల అమ్మా" అని వెక్కిరించే మొగుడు ఎర్మెక్ కూడా "అజమత్ వాళ్లమ్మా" అనడం మొదలెట్టాడు. ఆ పైచోటు బాగుంది. బాగుందని ఒప్పుకోడానికే ఆమెకి సిగ్గు.

నూనె మరుగుతుండగా తోడికోడలు బెగిమాయ్ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆపరేషన్ చేసి తీశారు పిల్లని, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వెంటనే మరో కాన్పంటే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మొగుడి ముందే చెప్పింది. నూర్‌దిన్ విన్నాడు, విని, "అన్నయ్యకి మళ్లింది, నాకు మళ్లదా ఏంటి? వచ్చే వేసవికి కొడుకు" అన్నాడు.

"అక్కా, ఒక్క మాట. నిజం చెప్పు" అంది బెగిమాయ్. "పేరు పెడితే మళ్లుతుందా? మళ్లేమాటైతే ఇంకొక్కసారి కంటాను. ఏదైతే అదే అవుతుంది. కానీ ఊరికే చావడానికైతే..."

"ఛ, అవేం మాటలే!"

"నువ్వే కదా చూసినదానివి. నువ్వు చెప్తే నమ్ముతా."

"అత్తయ్యని అడగవే" అంది జిపార్. నోట్లోంచి ఆ మాట ఎలా ఊడిపడిందో ఆమెకే తెలీదు. బెగిమాయ్ ఒక్క క్షణం చూసి, మళ్లీ గోడ పట్టుకుని వెళ్లిపోయింది. కళాయిలో బోర్సోక్‌లు మాడిపోయాయి. ఎంత నీచురాలివే నువ్వు అనుకుంది జిపార్, వాటిని తీసి కుక్కకి వేస్తూ.

ఎందుకంటే ఆమెకి తెలుసు. బురుల్ తర్వాత ఆమె కడుపున పడింది అజమత్ కాదు. ఇంకో ఆడపిల్ల. మైరమ్ ఆమెని పట్నం తీసుకెళ్లి స్కానింగ్ మిషన్ కింద చూపించింది. ఎర్మెక్‌ని అడిగితే "ఆడవాళ్ల వ్యవహారం, నువ్వూ అమ్మా చూసుకోండి" అన్నాడు. చూసుకున్నారు. వద్దు అనుకుంటూనే జిపార్ ఆస్పత్రి మంచమెక్కింది. సాయంత్రానికి ఇంటికొచ్చి, ఆవు డొక్కకి తల ఆనించి పాలు పితికింది. "ఈ సంగతి ఇక్కడే పూడ్చెయ్" అంది మైరమ్ పాల బకెట్టు అందుకుంటూ. ఆ తర్వాతి ఏడు అజమత్ పుడితే, బురుల్ పేరు చలవ అని ఊరంతా చాటింది కూడా మైరమే. చెప్పీ చెప్పీ ముసలావిడ తనే నమ్మేసింది. జిపార్ నమ్మలేకపోయింది.

మధ్యాహ్నానికి గది నిండిపోయింది. ముల్లా తాత పిల్లని చేతుల్లోకి తీసుకుని చెవిలో బాంగు, అంటే నమాజు పిలుపు, చదివాడు. ఇక పేరు పిలవాలి. ఆయన నోటితో పిలిచాక దాన్ని మార్చేవాడు లేడు. "ఏం పేరు తల్లీ?" అని జిపార్ వైపు తిరిగాడు. పక్కనే బురుల్, తల్లి చెయ్యి పట్టుకుని, ఇంకో బురుల్ వస్తోందని నవ్వుమొహం వేసుకుని నిలబడింది. బెగిమాయ్ దిళ్లకి ఆనుకుని పొట్టమీద చెయ్యి వేసుకుని, జిపార్‌నే చూస్తోంది.

"బురుల్ కాదు తాతా" అంది జిపార్.

"అదేంటే?" అంది మైరమ్.

"ఆ పేరుతో మా ఇంట్లో ఏదీ మళ్లలేదు. నా బురుల్ తర్వాత నా కడుపున ఇంకో ఆడపిల్ల పడింది. పట్నం వెళ్లి తీయించుకొచ్చాను. ఆ తర్వాతే అజమత్. మళ్లించింది పేరు కాదు, నేను."

"పొద్దున్నించీ పొయ్యి దగ్గర కూర్చుని దీనికి మతి చలించింది" అంది మైరమ్, నవ్వబోయి.

"మీరే కదా అత్తయ్యా తీసుకెళ్లారు."

మైరమ్ నవ్వు ఆగిపోయింది. ఎర్మెక్ లేచి నిలబడ్డాడు. "మగవాళ్ల ముందు ఈ మాటలేంటి? సిగ్గుందా నీకు?"

"ఉంది. చాలా ఉంది. ఇన్నేళ్లూ దాన్ని తినే బతికాను" అంది జిపార్. "బెగిమాయ్, పొద్దున నువ్వడిగితే తప్పించుకున్నాను. మళ్లదే. డాక్టరమ్మ మాటే విను."

వాగు బురుల్ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నా పిల్లని మొద్దని తిడుతున్నానే రోజూ!" అంది, ఎవరితోనో తెలీకుండా. నూర్‌దిన్ నేలకేసి చూస్తున్నాడు. బెగిమాయ్ మాత్రం కుట్లు నొప్పెడుతున్నా ముందుకి వంగి, ముల్లా తాతకి వినపడేలా చెప్పింది. "దీని పేరు బెర్మెట్, తాతా. ముత్యం. కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను. ఎవరూ అడగలేదు." ఆయన కాసేపు మగవాళ్లందరి మొహాలూ చూశాడు. ఆయన వంగి, పిల్ల చెవిలో ఆ పేరే మూడుసార్లు పిలిచాడు.

జిపార్‌కి తేలిక పడినట్టు ఏమీ అనిపించలేదు. బురుల్ ఆమె చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది.

"అమ్మా, అయితే తమ్ముణ్ణి నేను తేలేదా?"

"లేదమ్మా."

పిల్ల మొహం చిన్నబోయింది. ఇన్నాళ్లూ ఊళ్లో దానికున్న గొప్పంతా అదే. దాన్ని కూడా నలుగురిలో నిలబెట్టి లాగేసుకుంది తల్లి. బురుల్ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, తల్లి మొహంలోకి చూసింది.

"మరి నేనెందుకు పుట్టాను?"

జిపార్ దాని ముందు మోకాళ్లమీద కూర్చుంది. "ఎవరి పనికోసమూ కాదే తల్లీ" అంది. "నువ్వు ఊరికే పుట్టావు."