బీరువా కాళ్ళు

నిద్ర లేవగానే కొందరు గడియారం చూస్తారు, కొందరు అద్దం చూస్తారు. పళ్ళాయన పైకప్పు చూస్తాడు. పక్క మీంచి లేవకుండానే ఒక కన్ను తెరిచి, చెక్క బీరువా నెత్తికీ స్లాబుకీ మధ్య సందు ఎంతుందో చూసుకుంటాడు. నిన్నటికంటే ఎక్కువుంటే రెండో కన్ను కూడా తెరుస్తాడు. తక్కువుంటే దుప్పటి మొహం మీదికి లాక్కుంటాడు.

పళ్ళాయనంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు కొలతలు పంపిస్తే కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. భార్య కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. ఒకరికి పళ్ళతో బతుకు, ఒకరికి కళ్ళతో బతుకు. వాళ్ళతోనే ఉండే ఆయన అత్తగారికి మాత్రం కాళ్ళతోనే చావు. ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కి తొక్కి ఆవిడ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. లేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు.

ఇక పైకప్పు సంగతి. ఎవరైనా క్రిప్టో కాయిన్లు కొంటే వాళ్ళ ఇంటి పైకప్పు ధరతోపాటు లేస్తుంది, ధరతోపాటు దిగుతుంది. అది ఆ వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాయిన్లు కొన్నామని కబురు పెడితే ఎలక్ట్రీషియను వచ్చి సీలింగు ఫ్యాను విప్పేసి, టేబుల్ ఫ్యాను కొనుక్కోమని చెప్పి, కూలి పుచ్చుకుని పోతాడు. పైకప్పు లెక్క బడిలో చెప్పిన లెక్క కాదు. లేచేటప్పుడు బెత్తెడు లేస్తుంది, దిగేటప్పుడు మూరెడు దిగుతుంది.

అత్తగారు తన టైలరింగ్ షాపు అమ్మగా వచ్చిన డబ్బు ఆపరేషను కోసం దాచుకుంది. రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేస్తామని ఆస్పత్రివాళ్ళు నెలాఖరుకి తారీఖు ఇచ్చారు. కథ అక్కడితో సుఖంగా అయిపోవలసింది. కానీ కృత్రిమ మోకాళ్ళలో రెండు రకాలున్నాయనీ, ఖరీదైన రకం జీవితాంతం మన్నుతుందనీ ఆస్పత్రిలో ఎవరో అమ్మాయి చెప్పింది. ఆ మాట పళ్ళాయన చెవిలో పడింది. మేలురకం పన్నుకీ నాసిరకం పన్నుకీ తేడా రోజూ చూసే మనిషాయె. అత్తగారికి మేలురకం వేయించాలని ఆయనకి నిజంగానే అనిపించింది. పైన ఏమైనా మిగిలితే సొంతంగా చిన్న ల్యాబు పెట్టుకోవచ్చని కూడా అనిపించింది. ఈ రెండోది మాత్రం పెదవి దాటనివ్వలేదు.

"నెలాఖరుకి ఇంకా టైముంది కదా. డబ్బు ఊరికే పడుకుని ఉండే బదులు..." అని మొదలెట్టాడు ఒక సాయంత్రం.

"పడుకోనివ్వండి. దానికేమైనా మోకాళ్ళ నొప్పులా?" అంది భార్య.

ఆయన ఫోను తీసి వీడియో చూపించాడు. అందులో టై కట్టుకున్న నిపుణుడు, ఈ రెండు మూడు వారాల్లో ధర ఫలానా మెట్టు మీద నిలబడితే పైకి పోతుందనీ, మెట్టు జారితే కిందికి వస్తుందనీ, జాగ్రత్తగా ఉండాలనీ చెబుతున్నాడు.

"నిలబడితే నిలబడుతుంది, పడితే పడుతుంది. ఇది చెప్పడానికి టై ఎందుకండీ?" అందావిడ. కానీ తల్లికి మేలురకం అనేసరికి ఆవిడ మనసు కూడా కాస్త మెత్తబడింది. మెత్తబడినా కళ్ళు మూసుకోలేదు. "మూడో వంతు పెట్టండి, అంతే. కొనే ముందే ఎప్పుడు అమ్మాలో అనుకుందాం. కొన్నాక మీ మాట నేను నమ్మను, మీరూ నమ్మకండి."

ఇల్లంతా కలయజూసి రెండు హద్దులు పెట్టింది. పైకప్పు బూజు కర్రకి అందనంత లేస్తే సగం అమ్మేసి లాభం ఇంట్లో వేసుకోవాలి. పైకప్పు దిగి బీరువా నెత్తిని తాకితే ఉన్నదంతా అమ్మేయాలి. మళ్ళీ మాట మార్చడం లేదు. పళ్ళాయన బీరువా మీద చెయ్యేసి మరీ ఒప్పుకున్నాడు.

"నాకవన్నీ తెలీవు బాబూ. మీరిద్దరూ ఒక మాట మీదుంటే చాలు," అంది అత్తగారు మంచం మీంచి.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా ఉంది. పైకప్పు రోజూ కాస్త కాస్త లేచింది. గదిలోకి గాలి వచ్చింది, మాట్లాడితే మాట గుండ్రంగా మోగింది. పళ్ళాయన ఇంట్లో చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలెట్టాడు. పై వాటాలో ఉండే పెద్దమనిషి ఒక పొద్దున తలుపు తట్టాడు. వీళ్ళ పైకప్పే ఆయనకి నేల.

"ఏం బాబూ, నా నెత్తి నా స్లాబుకి కొట్టుకుంటోంది. ఎప్పుడు అమ్ముతారేం?"

"ఇప్పుడే ఎక్కడండీ, ఇంకా బోలెడు పెరుగుతుంది," అన్నాడు పళ్ళాయన నవ్వుతూ.

ఆ వారమే బూజు కర్ర అందలేదు. భార్య మునివేళ్ళ మీద నిలబడి చూసింది, స్టూలు ఎక్కకుండా అందనే లేదు. "సగం అమ్మేయండి," అంది. సరేనని బజారుకి వెళ్ళిన మనిషి ఇంకా పొడుగాటి బూజు కర్ర కొనుక్కొచ్చాడు. "ఇదిగో, అందుతోందిగా!" అన్నాడు. ఆవిడ ఆ కర్రనీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, షాపుకి టైమైపోతోందని వెళ్ళిపోయింది. లాభం నెత్తికెక్కిన మనిషితో వాదించేందుకు ఆ పూట ఓపిక లేకపోయింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. మధ్యాహ్నం ల్యాబులో పళ్ళు ఆరేలోపు ఆయన మిగతా రెండు వంతులూ కూడా పెట్టేశాడు.

ఆ మర్నాటినుంచి పైకప్పు దిగడం మొదలైంది.

మొదట ఆయన నమ్మలేదు. తన కళ్ళే సరిగ్గా లేవనుకున్నాడు. ఆ తర్వాత నిపుణుణ్ణి నమ్మాడు. ఇది చిన్న దిద్దుబాటేననీ, ధర మళ్ళీ లేస్తుందనీ, గట్టివాళ్ళు ఇలాంటప్పుడే గుండె నిబ్బరంగా ఉంటారనీ నిపుణుడు చెప్పాడు. పళ్ళాయన గట్టివాడిలా కూర్చున్నాడు. అన్నం మాత్రం సయించడం లేదు. ల్యాబులో ఒక ముసలాయనకి పైవరస పళ్ళు కిందా, కిందివరస పళ్ళు పైనా చేసి పెట్టి చీవాట్లు తిన్నాడు. శనివారం పొద్దున చూస్తే స్లాబుకీ బీరువాకీ మధ్య ఒక చెయ్యి పట్టే సందు కూడా లేదు.

ఇప్పుడు అమ్మితే పోయింది పోయినట్టే. రేపు లేస్తే? అమ్మిన మర్నాడే లేస్తే? ఆ ఊహ ఆయనకి నష్టంకంటే భయంగా ఉంది.

భార్య షాపుకి వెళ్ళగానే రంపం తెచ్చి బీరువా కాళ్ళు కోయడం మొదలెట్టాడు.

"ఏం కోస్తున్నారు బాబూ?" అని అడిగింది అత్తగారు.

"ఏం లేదండీ అత్తయ్యగారూ, కింద చెద పట్టింది."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన నాలుగు కాళ్ళూ కోసి, పొట్టు ఊడ్చి, బీరువాని మళ్ళీ గోడకి ఆనించాడు. పైన జానెడు సందు వచ్చింది. ఆ సందు చూసి ప్రాణం లేచొచ్చినట్టయింది.

కళ్ళజోళ్ళ షాపులో రోజంతా గోరంత తేడాలు చూసే మనిషికి జానెడు బీరువా తగ్గితే తెలియదా? సాయంత్రం చెప్పులు విప్పుతూనే ఆగిపోయింది.

"కాళ్ళేవి?"

ఆయన జరిగి బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు.

"బీరువా కాళ్ళేవండీ?"

"ఇంకొక్క రెండ్రోజులు చూద్దాం. మెట్టు దగ్గరికి వచ్చింది. ఇక్కణ్ణుంచి లేవకపోతే..."

"ఎంత పెట్టారు?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. "మొత్తం," అన్నాడు.

ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది. లోపల తల్లి వింటుందని గొంతు తగ్గించి, "అవి మా అమ్మ కాళ్ళండీ," అంది. అని ఏడ్చేసింది.

మర్నాడు ఆదివారం. కళ్ళజోళ్ళ షాపుకి ఆదివారమే గిరాకీ. "నేనొచ్చేసరికి అమ్మేసి ఉండాలి," అని చెప్పి, గుమ్మంలో తల వంచుకుని వెళ్ళింది. అప్పటికే ఇంట్లో చెయ్యి ఎత్తితే స్లాబు తగులుతోంది.

ఈ మార్కెట్టుకి ఆదివారమని లేదు. పదకొండయ్యేసరికి స్లాబు పొట్టి బీరువానీ తాకింది. బీరువా ఒకసారి మూలిగింది. పళ్ళాయన దాన్ని పక్కకి పడుకోబెట్టాడు. పన్నెండింటికి స్లాబు తలుపు పైచట్రం దాటి దిగింది. తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో ఇక తెరవడానికి లేకుండా ఇరుక్కుపోయింది. కిటికీలకి ఊచలు. బయట ఎండ కాస్తోంది, పిల్లలు ఆడుకుంటున్నారు. లోపల సున్నం వాసన ముక్కుకి తగులుతోంది. పైవాటా పెద్దమనిషి తన గుమ్మంలోంచి నేల మీదికి నిచ్చెన దింపుకుంటున్న చప్పుడు నెత్తి మీదే వినిపించింది.

ఆయన నేల మీద చతికిలబడి ఫోను చూస్తున్నాడు. అమ్మే బటను మీద వేలు పెడతాడు, తీస్తాడు. పెడతాడు, తీస్తాడు.

"బాబూ, నన్ను కిందికి దించండి. జుట్టుకి తగులుతోంది," అంది అత్తగారు, చీకటి పడింది దీపం వెయ్యమన్నంత మామూలుగా.

నడుము వంచి, ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని మంచం మీంచి దించాడు. ఆవిడ నొప్పికి పళ్ళు బిగించింది గానీ అరవలేదు. గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

"ఇంకొక్క అరగంటండీ అత్తయ్యగారూ. దాదాపు సగం పోయింది. ఇంత దిగాక లేవకుండా ఉంటుందా చెప్పండి?"

"అమ్మమని నేననను బాబూ. మీ చేతికిచ్చాక మళ్ళీ నేను చెప్పకూడదు."

అంతలో ఫోను ఆరిపోయింది. పొద్దుట్నుంచీ చూసి చూసి చార్జింగ్ అంతా తాగేశాడు. చార్జరు వంటగదిలో ఉంది. అక్కడికి నిలబడి వెళ్ళేందుకు లేదు, వంగి వెళ్ళేందుకూ లేదు. స్లాబు నడుము ఎత్తుకి వచ్చేసింది. పళ్ళాయన మోకాళ్ళ మీద పాకడం మొదలెట్టాడు.

పసితనంలో మానేసిన విద్య. గచ్చు గరుగ్గా ఉంది. నాలుగు అడుగుల దూరం వెళ్ళేసరికి మోకాళ్ళు భగ్గుమన్నాయి. హాలు మధ్యలో ఆగి, వీపు స్లాబుకి రాసుకుంటుంటే, "అమ్మా" అన్నాడు పైకే.

"అలా కాదు బాబూ," అంది అత్తగారు వెనకనుంచి. "మోకాళ్ళ మీద బరువు పెట్టకండి. కూర్చోండి. అరచేతులు ఆనించి, తుంటి ఎత్తి జరగండి. ఆఁ, అలాగ. వంటింటి గుమ్మం దగ్గర చట్రం పట్టుకోండి, కుడివైపు. అక్కడ చేతికి నున్నగా తగులుతుంది."

ఆయన అలాగే జరిగాడు. జరగడం సులువైంది. గుమ్మం దగ్గర చెయ్యి చాపితే చట్రం నిజంగానే నున్నగా తగిలింది. కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, అక్కడొక్క చోటే రంగు పోయి, కర్ర అరిగి మెరుస్తోంది. ఏళ్ళుగా ఆ గుమ్మంలోంచి రోజూ నడిచి వెళ్ళే మనిషి దాన్ని ఎన్నడూ చూడలేదు.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు. అడుగుతుండగానే ఆయనకి తెలిసిపోయింది.

"మధ్యాహ్నాలు మీరెవరూ ఉండరుగా. చేతికర్ర పట్టుకుని లేవడం ఒక్కోరోజు కుదరదు. మంచినీళ్ళకైనా, బాత్రూంకైనా అలాగే వెళ్తాను."

"మాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది. నెలాఖరు దాకానే కదా అని ఊరుకున్నాను."

పళ్ళాయన వంటగది నేల మీద కూర్చుని ఫోనుకి చార్జరు పెట్టాడు. అది వెలిగేదాకా ఒక మనిషి ఈ గచ్చు మీద జరుక్కుంటూ నీళ్ళ బిందె దాకా రావడం, మళ్ళీ అలాగే మంచం దాకా వెళ్ళడం ఆయన కళ్ళ ముందు ఆడింది. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. ఫోను వెలిగింది. ధర ఎంతో చూడకుండానే అమ్మే బటను నొక్కాడు. నిజంగానే అమ్మమంటారా అని అది అడిగింది. ఆయన మళ్ళీ నొక్కాడు.

స్లాబు ఆగింది. కాసేపు అక్కడే ఉండి, నిట్టూర్చినట్టు మెల్లగా పైకి లేచి, అన్ని ఇళ్ళలోలాగే తన మామూలు ఎత్తులో నిలబడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. పైనుంచి పెద్దమనిషి నిచ్చెన లాక్కుంటూ ఏదో తిట్టాడు.

సాయంత్రం భార్య వచ్చి పైకప్పు చూసింది. ఆ తర్వాత ఆయన్ని చూసింది.

"అమ్మేశాను," అన్నాడు.

"ఎంత మిగిలింది?"

"ఒక కాలికి వస్తుంది."

ఆ వారమంతా ఆవిడ ఆయనతో ఉప్పు, నీళ్ళు, తాళంచెవి లాంటి మాటలే మాట్లాడింది. అమ్మిన మర్నాడు ధర కాస్త లేచిందనీ, ఆ మర్నాడు ఇంకా దిగజారిందనీ పై వాటా పెద్దమనిషి మెట్ల దగ్గర చెప్పబోయాడు. పళ్ళాయన తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నాలు ల్యాబులో సెలవు పెట్టి ఇంటికొచ్చి, అత్తగారికి మంచినీళ్ళు ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. ఆవిడ వద్దన్నా కూర్చున్నాడు.

నెలాఖరుకి ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. గుర్తు పెట్టే పెన్ను పట్టుకుని నర్సు వచ్చింది.

"రెండు కాళ్ళూ అని చెప్పారు కదమ్మా? ఇప్పుడు ఒకటే అంటున్నారేంటి? ఏ కాలు?"

"కుడిది," అంది అత్తగారు.

"మరి ఎడమది?"

భార్య కిటికీవైపు చూసింది. పళ్ళాయన తల వంచుకున్నాడు. అత్తగారు మాత్రం చీర సర్దుకుంటూ, ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది.

"ఎడమది మా అల్లుడుగారి దగ్గర ఉందమ్మా. ఇచ్చేస్తారు."

నర్సు సరేనని కుడి కాలి మీద గుర్తు పెట్టి, చక్రాల కుర్చీ కోసం వెళ్ళింది. పళ్ళాయన లేచి వచ్చి, ఆవిడ ఎడమ పక్కన నిలబడి, బరువు వేసుకోమని భుజం వంచాడు.