రత్నాబాయి 'చాలు'

రత్నాబాయి తన బతుకులో ఏనాడూ ఊరికే నడవలేదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ తలకెక్కదు. తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న కామాటిపుర గల్లీలో, చాల్ అనే ఇరుకు గదుల భవనంలో, మూడో మాళా, అంటే మూడో అంతస్తు నుంచి కిందికి దిగిందంటే నీళ్లకు, పైకి ఎక్కిందంటే బిందెతో. మున్సిపాలిటీ బడిలో ఆయా పని. అక్కడ నడిచినా చేతిలో చీపురో, ముక్కు కారే పిల్లో ఉండాల్సిందే. ఈ బొంబాయిలో సగం మంది బరువు మోయడానికి నడుస్తారు. మిగతా సగం ఒంట్లో బరువు దించుకోవడానికి నడుస్తారు. రెండో రకం వాళ్లు దానికి బూట్లు కొంటారు, ఫొటోలు దిగుతారు, ట్రెక్ అని పేరు కూడా పెడతారు. మొదటి రకం నడకకు ఎవడూ పేరు పెట్టలేదు.

అందుకే మేనకోడలు స్నేహల్ వచ్చి "అత్తా, మూడు దినాలు కొండల్ల నడవాలె, వస్తవా?" అంటే రత్నాబాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఏం మొయ్యాలె?"

"ఏం మొయ్యొద్దు. ఉత్తగ నడుసుడే."

"ఉత్తగనా? ఎందుకే?"

ఎందుకో స్నేహల్ చెప్పలేకపోయింది. కానీ తన అవసరం మాత్రం దాచలేదు. ఆ పిల్ల వారమంతా కొరియర్ ఆఫీసులో పని చేస్తుంది, ఆదివారం వస్తే కొండల్లో ఉంటుంది. ఆమె తిరిగే ట్రెక్ క్లబ్బు ఒక పరీక్ష పెట్టింది. సహ్యాద్రిలో రతన్‌గఢ్ నుంచి హరిశ్చంద్రగఢ్ దాకా ఒక బ్యాచ్‌ను సొంతంగా నడిపించాలి. బయల్దేరిన వాళ్లంతా చివరిదాకా నడవాలి. నడిస్తే వచ్చే వానాకాలం నుంచి స్నేహల్ లీడర్. ఒక్కరు మధ్యలో జీపెక్కినా మళ్లీ ఏడాది ఆగాలి. ఇప్పుడు ఆరుగురిలో ఒకాయన జ్వరమని మానేశాడు. ఆరుగురు లేకపోతే అసలు బ్యాచే లేదు.

"ఆరో మనిషివి నువ్వే అత్తా. ఇగ ఎవలు లేరు."

గది బయట గ్యాలరీలో స్టూలు మీద కూర్చున్న శంకర్రావు పకపకా నవ్వాడు. రత్నాబాయి మొగుడు. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి మానేసినవాడు. "మూడు మాళాలు ఎక్కుతానికి ముప్పై సార్లు ఆయాసపడ్తది. గిది కొండెక్కుతదా! స్ట్రెచర్ గూడ పట్టుకపో బిడ్డా."

"నువ్వెన్నడన్న బిందె ఎత్తినవా అయ్యా, మాళాల లెక్క చెప్తున్నవ్?" అంది రత్నాబాయి.

స్నేహల్ ఆఖరి ఆయుధం తీసింది. "మొదలెక్కే కోట రతన్‌గఢ్ అత్తా. పైన గుహల దేవత ఉంటది. ఆమె పేరు రత్నాబాయి."

"నా పేరా?"

"నీ పేరే."

"మరి గింతసేపు చెప్పకపోతివి!"

సంచీ సర్దడంలోనే మొదటి గొడవ. జొన్న రొట్టెలు, వెల్లిపాయ కారం, అటుకులు, ఉల్లిగడ్డలు, నాలుగు స్టీలు డబ్బాలు, ఒక ఇత్తడి చెంబు. బరువు తగ్గించమని స్నేహల్ బతిమాలింది. రత్నాబాయి బాగా ఆలోచించి ఒక ఉల్లిగడ్డ తీసి పక్కన పెట్టింది.

కసారా లోకల్ రైల్లో వెళ్లి, అక్కడి నుంచి జీపులో రతన్‌వాడీ అనే ఊరు చేరారు. మిగతా ఐదుగురూ దాదర్, ఠాణే వైపు వాళ్లు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కుర్చీలు అరగదీసే మంచి మనుషులే. వాళ్లకు తెలుగు ముక్క రాదు. వీళ్లకు తోడు కునాల్. క్లబ్బులో సీనియర్, మిడత కాళ్ల మనిషి. స్నేహల్ ఎలా నడిపిస్తుందో చూసి చెప్పడం అతని పని. కునాల్ ముందు నడుస్తాడు, స్నేహల్ అందరికంటే వెనక. అదీ పద్ధతి.

అడవిలో గంటసేపు ఎక్కేసరికి ఒక బ్యాంకాయనకు పిక్క పట్టేసింది. స్నేహల్ అతని దగ్గర ఆగిపోయింది. రత్నాబాయి కునాల్ వెనకాలే, వీపున వంటిల్లు మోస్తూ, కొండకు కట్టిన ఇనప నిచ్చెన దాకా వచ్చింది. తలెత్తి చూసింది. నిచ్చెన ఆకాశంలోకి పోతోంది. ఆమెకు ఇక చాలనిపించింది. చెయ్యి పైకెత్తి అరిచింది.

"చాలు! చాలు బిడ్డా, చాలు!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఊపిరి ఉన్నప్పుడు రత్నాబాయి మరాఠీ పుణె వాళ్లకు పాఠం చెప్పేంత బాగుంటుంది. ఊపిరి లేనప్పుడు నోట్లోంచి వచ్చేది ఇంటి భాషే. తెలుగులో చాలు అంటే ఇక ఆపమని. మరాఠీలో చాలూ అంటే సాగుతోందని, సాగనిమ్మని. కామాటిపురలో చంటిపిల్లకు కూడా మొహం చూస్తే ఏ చాలు ఏదో తెలుస్తుంది. కునాల్‌ది కామాటిపుర కాదు పాపం.

"మావశీ కాయ్ మ్హణ్తే ఐకలంత్ కా?" అని అతను ఉత్సాహంగా వెనక్కి తిరిగి అరిచాడు. పిన్ని ఏమంటోందో విన్నారా అని. "చాలూ!"

కూలబడిన వాళ్లంతా సిగ్గుపడి లేచారు. ఈ వయసు ఆడమనిషి నడవమంటుంటే మనం కూర్చుంటామా! వెనక జనం, ముందు నిచ్చెన. రత్నాబాయికి ఎక్కక తప్పలేదు. మెట్టు మెట్టుకూ "చాలు" అంది. ఆమె అన్న కొద్దీ కింద నుంచి "చాలూ, చాలూ!" అని జైకొట్టారు. కోపానికి ఊపిరి చాలలేదు. ఆ కోపమే ఆమెను పైకి మోసుకుపోయింది.

పైన చప్పట్లు కొట్టారు. రత్నాబాయికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. నిజం చెబుదామని నోరు తెరిచింది, మళ్లీ మూసేసింది. గుహలోకి పోయి, సిందూరం పూసిన దేవతకు కాస్త నీళ్లు చల్లింది. "నీది నాది ఒక్కటే పేరు. నువ్వేమో కూసున్నవ్, నేనేమో ఎక్కొచ్చిన. జర గుర్తు పెట్టుకో" అంది.

సాయంత్రం స్నేహల్‌కు విషయం తెలిసింది. కడుపు పట్టుకుని నవ్వింది.

"చెప్పకే" అంది రత్నాబాయి. "వాళ్లు నన్నో పెద్ద మొనగత్తె అనుకుంటున్నరు. రెండు దినాలన్న అనుకోనీ."

మర్నాడు దారంతా అదే నినాదం. ఎవరు కూలబడ్డా మిగతావాళ్లు "మావశీ, చాలూ?" అని అడగడం, రత్నాబాయి ఏడవలేక నవ్వలేక "చాలు" అనడం, అందరూ లేవడం. కాత్రాబాయి కనుమ దగ్గర ఆమెకు చెట్టు మీద పిల్లి అంత పెద్ద ఉడుత కనబడింది. ఆగి చూసింది. చాలాసేపు చూసింది. ఎందుకాగావని ఎవరూ అడగలేదు. నల్లాలో నీళ్లు ఆగిపోతాయని ఎవరూ కేకెయ్యలేదు, బడి గంట మోగలేదు. ఆగడం కూడా తన ఇష్టమేనా అని ఆమెకు వింతగా అనిపించింది. సిగ్గుతో చుట్టూ చూసుకుని, ఇంకాసేపు చూసింది.

కానీ దిగుడు మోకాలిని తినేసింది. కుమ్‌శేత్ అనే పల్లె చేరేసరికి ఎడమ మోకాలు బన్ రొట్టెలా ఉంది. రాత్రి బస చేసిన ఇంట్లో వేన్నీళ్ల కాపడం పెట్టారు. పొద్దున వాపు తగ్గింది, సలుపు తగ్గలేదు. ఇంటి ముందు జీపు నిలబడి ఉంది. ముందు నడవాల్సింది ఇంకా పెద్ద రోజు.

స్నేహల్ మోకాలు వత్తి చూసింది. మొహం వాడిపోయింది. "జీపెక్కు అత్తా. నా పరీక్షకేంది, మల్ల రాస్కోవచ్చు."

"ఏడాది ఆగాలె గద?"

"ఆగుత."

అప్పుడే ఫోన్. మోకాలి సంగతి స్నేహల్ రాత్రే మామకు చెప్పింది. సిగ్నల్ ఆ గోడ మూలన ఒక్కచోటే ఉంది. రొద ఎక్కువని రత్నాబాయి స్పీకర్ పెట్టింది. శంకర్రావు గొంతు ఆ పల్లె మొత్తం వినబడింది.

"మోకాలు వాసిందంట? నేను చెప్పిన్నా లేదా? చాలు రత్నా, చాలు! నా మాటిను, చాలు!"

కునాల్ ఎగిరి గంతేశాడు. "అరే, కాకా పణ్ చాలూ!" బాబాయి కూడా నడవమంటున్నాడు! ఐదుగురూ సంచులు భుజాన వేసుకున్నారు. జీపు డ్రైవరు కూడా చప్పట్లు కొట్టాడు.

స్నేహల్ అడ్డం నిలబడింది. అందరికీ వినబడేలా మరాఠీలో చెప్పేసింది. మా భాషలో చాలు అంటే ఆపమని. మొన్నటి నుంచి మా అత్త ఆపమంటోంది, మీరు తోస్తున్నారు. నాకు తెలిసీ నవ్వుతూ ఊరుకున్నాను, లీడర్ చేయాల్సిన పని కాదది. ఈరోజు ఆమెను ఎవరూ తొయ్యడానికి వీల్లేదు.

కునాల్ మొహం ఉడికించిన బీట్‌రూట్ అయింది. "మరి ఆ నిచ్చెన దగ్గర...?"

"ఆడ గూడ" అంది రత్నాబాయి.

"గుహ దగ్గర?"

"అంతట."

కునాల్ చెవులు పట్టుకుని ఆమె ముందు గుంజీలు తీశాడు. రెండో గుంజీకి బ్యాంకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు, దాంతో అందరూ పగలబడి నవ్వారు.

రత్నాబాయి నవ్వుతూనే జీపును చూసింది. ఎక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. శంకర్రావు వాచ్‌మన్ విజిలేసినట్టు చాల్ అంతా దండోరా వేస్తాడు. అది పెద్ద బాధ కాదు. ఈ పిల్ల తన కోసం ఏడాదిని అలా వదిలేసింది, అది బాధ. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఉడుత. అట్లా ఉత్తగా ఆగి చూసే రోజు ఇంకొకటి మిగిలి ఉంది. తోసినందుకు నడిచింది ఇన్నాళ్లు. ఇప్పుడు తొయ్యకుండా నడిస్తే ఎట్లుంటుందో.

సంచీ తీసింది. డబ్బాలు, చెంబు, మిగిలిన ఉల్లిగడ్డలతో సహా జీపులో పెట్టింది. "గిది మేం కొండెక్కే ఊరికి పంపియ్యి తమ్మీ, పాచ్‌నయ్‌కు. నేన్ నడుస్త." తువ్వాలుతో మోకాలు గట్టిగా కట్టింది. స్నేహల్ ఆమెను పదిసార్లు కూర్చోబెట్టి, లేపి, వాకిట్లో అటూ ఇటూ నడిపించి గానీ ఒప్పుకోలేదు.

"నొస్తే చెప్పాలె అత్తా. 'ఆగు' అను. ఆగుదాం."

"ఆగు!" అని రత్నాబాయి గట్టిగా అని చూసింది.

కునాల్ అదిరిపడి చుట్టూ వెతికాడు. "ఆగ్? ఎక్కడ మంట?"

ఆ మాటా పనికిరాదని తేలింది. చివరికి అందరికీ ఒకటే అర్థమున్న 'బస్' ఖాయం చేశారు. ఆ రోజు రత్నాబాయి చాలాసార్లు బస్ అంది. మోకాలికి కొన్నిసార్లు, గడ్డి పూలు చూడటానికి కొన్నిసార్లు. అన్నప్పుడల్లా బ్యాచ్ మొత్తం ఆగింది, కునాల్‌తో సహా. ఖాళీ చేతులతో నడుస్తుంటే మొదట్లో ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. తర్వాత వాటంతటవే ఊగాయి.

హరిశ్చంద్రగఢ్ మీద కొంకణ్ కడా అంచున, నేల తెగిపోయి కింద ప్రపంచం మొదలయ్యే చోట, ఆరుగురూ బోర్లా పడుకుని తొంగి చూశారు. "ఆరుగురు" అన్నాడు కునాల్, వేళ్లు మడిచి. "లీడర్ పాస్. ఎక్కడ ఆపాలో తెలిసినామె." స్నేహల్ అత్తను పట్టుకుని ఏడ్చింది. రత్నాబాయి మాత్రం కిందికే చూస్తూ, "నీళ్లు గింత దూరం మొయ్యమంటే సచ్చిపోతమే" అంది.

చాల్ కింద శంకర్రావు ఎదురొచ్చాడు. మొగుడితనం పొంగుకొచ్చి ఆమె సంచీ లాక్కున్నాడు. మొదటి మాళా దాటాడు. రెండో మాళా మలుపులో గోడ పట్టుకుని నిలబడిపోయాడు, రొప్పుతూ.

"చాలు... చాలు రత్నా..."

రత్నాబాయి చేతులు ఊపుకుంటూ అతన్ని దాటింది. స్నేహల్ వైపు తిరిగి కన్నుగీటింది.

"విన్నవా బిడ్డా, మీ మామ ఏమంటుండో? చాలూ అంట! పా అయ్యా, పా!"