మొదటి సూది నాకే

నేను ఒక రబ్బరు బొమ్మను. మూరెడు ఎత్తు. ఒంటి నిండా గీతలు, వాటి మీద ఎర్ర చుక్కలు. ఆక్యుపంక్చర్ సూది ఎక్కడెక్కడ గుచ్చాలో చెప్పే గుర్తులవి. నన్ను పోతపోసిన పనివాడు వాటిని చేత్తోనే పెట్టాడు. ఏ చుక్క ఎందుకో అతనికి తెలియదు. అయినా ఒక్కటీ తప్పు పడలేదు.

మద్రాసు దుకాణంలో నాలుగేళ్లు నిలబడ్డాక తెనాలి డాక్టరు వకుళ గారు నన్ను కొన్నారు. ఎంబీబీఎస్ అయ్యాక ఆవిడ ఈ సూదివైద్యం నేర్చుకుంటున్న రోజులవి. నేర్చుకున్నదంతా నా మీదే. గుచ్చి గుచ్చి నా ఎడమ మోకాలి కింద గుంట పడింది. అది నా పతకం.

తర్వాత ఆవిడకు పేరొచ్చింది, నాకు బల్ల మీద చోటొచ్చింది. మనుషులు చిత్రమైనవాళ్లు. మిరపకాయ బజ్జీలు పదేసి లాగించడానికి జంకరు, వెంట్రుకంత సూదిని చూస్తే వణికిపోతారు.

ఒకనాడు షేక్ కాసింబీ గారు వచ్చారు. చిలకలూరిపేట వైపు పేరున్న నాదస్వర విద్వాంసురాలు. ఏడాదిగా పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. ఊపిరి బిగబట్టి ఊదగానే కడుపులో పులుపు గొంతుదాకా ఎగదన్నేది. గుంటూరులో గొట్టం వేసి చూసి, ప్రమాదమేమీ లేదని మాత్రలిచ్చారు. కొంత తగ్గింది కానీ రాగం సగంలో ఆపక తప్పడం లేదు. ఊళ్లో రాములవారి కల్యాణం నెలన్నరలో ఉంది. తాతలనాటి నుంచి అక్కడ వాయించేది వాళ్లింటివాళ్లే. ఈసారి వేరేవాళ్లను పిలుద్దామని గుడి పెద్దలు మెల్లగా అంటున్నారట.

"సూదులతోనే నయమైపోతుందని చెప్పనండీ," అన్నారు డాక్టరు గారు. "కొందరికి సుఖంగా ఉంటుంది. మాత్రలు మాత్రం ఆపొద్దు. రాత్రి పెందలాడే తినేయాలి."

"అన్నీ చేస్తానమ్మా. సూదంటేనే పైప్రాణాలు పైనే పోతన్నయ్. ముందు ఆ బొమ్మకి గుచ్చండి, చూస్తా."

"మీరే గుచ్చండి," అంటూ నన్ను ఆవిడ ఒళ్లో పెట్టారు.

ఎందరో గుచ్చారు నన్ను. స్వరాలు పలికించే ఆ వేళ్లంత మెత్తగా ఎవరూ గుచ్చలేదు. నా మణికట్టు దగ్గరి చుక్కలో సూది నిలబెట్టి, "ఇంతేనా?" అని తన చెయ్యి చాచారు. సూదులు దిగుతున్నంతసేపూ నన్ను గట్టిగా పట్టుకునే ఉన్నారు. నా నడుము సొట్టపోయింది. పోనివ్వండి.

వారానికి రెండుసార్లు వచ్చారు. కల్యాణానికి ముందురోజు నాదస్వరం వెంట తెచ్చుకున్నారు. "ఇక్కడ మీ ముందు ఊదాకే రేపు అక్కడ ఊదుతా," అని తోడి రాగం ఎత్తుకున్నారు. చీటీలు పట్టుకుని బయట కూర్చున్నవాళ్లు తలుపు దగ్గరికి వచ్చేశారు. రోజూ ఆగిపోయే చోటు వచ్చింది, దాటింది. రాగం పూర్తయింది. ఆవిడ చెయ్యి గుండె మీదికి పోతుందేమోనని డాక్టరు గారు కళ్లార్పకుండా చూస్తున్నారు. ఆ చెయ్యి నాదస్వరం కొసనున్న పీకను సవరించింది.

"మంట పూర్తిగా పోలేదమ్మా. కానీ ఇప్పుడది నా మాట వింటంది."

మాత్రల వాటా ఎంతో, వేళకు తిన్న తిండి వాటా ఎంతో, సూదుల వాటా ఎంతో తనకు తెలియదని డాక్టరు గారు శిష్యులకు ఇప్పటికీ చెబుతారు. నా రబ్బరు గట్టిపడిపోయింది. వాళ్లకు కొత్త బొమ్మ వచ్చింది, నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. దిగులేం లేదు. ఎదుర్కోలు నుంచి తలంబ్రాలదాకా కాసింబీ గారు ఎక్కడా ఆపకుండా వాయించారని మా కాంపౌండరు చూసొచ్చి చెప్పిన ఆనాడే, డాక్టరు గారు అందరి ముందూ నావైపు చెయ్యి చూపించారు.

"ఆవిడకి ధైర్యం చెప్పింది ఇతనే."

'ఇది' అనలేదు. 'ఇతనే' అన్నారు.